గాల్లో ఆగిన పెట్టె

పాడైన కంప్యూటరు ఏది వచ్చినా అతను ముందు మూత విప్పి వాసన చూస్తాడు. మీటరూ స్క్రూడ్రైవరూ ఆ తర్వాతే. కళ్ళు మూసుకుని, ముక్కు బోర్డుకి ఆనీ ఆననట్టు పెట్టి, ఈ మూల నుంచి ఆ మూలకి మెల్లగా జరుపుకుంటూ పోతాడు. పగిలిన కెపాసిటరు నీచు వాసన వేస్తుంది. మాడిన తీగచుట్ట అడుగంటిన పాకంలా ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు ప్రాణం పోయేటప్పుడైతే, కాలే ఇస్త్రీపెట్టెకి అంటుకున్న నైలాను గుడ్డ వాసన. ఇవేవీ అతనికి ఎవరూ నేర్పలేదు. ఏ బడిలోనూ చెప్పరు.

అందుకే వీధిలో అందరికీ అతను ముక్కు. వయసులో పెద్దవాళ్ళకి ముక్కు, చిన్నవాళ్ళకి ముక్కుగారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

అతని కొట్టు ఒక పాత భవనం మెట్ల కింద ఉంది. లోపల నిలబడితే తల తగులుతుంది కాబట్టి పొద్దుట కూర్చున్నవాడు సాయంత్రమే లేస్తాడు. పైన ఎవరు మెట్లెక్కుతున్నారో అడుగుల చప్పుడు బట్టి చెప్పగలడు. పక్క కొట్టు టైలరుది. ఇద్దరికీ మధ్య ఉన్నది చెక్క అడ్డు మాత్రమే కాబట్టి, ఒకరి ముఖం ఒకరు చూడకుండానే రోజంతా మాట్లాడుకుంటారు.

ముక్కుకి ఒక పట్టింపు ఉంది. బాగుచేసిన ఏ కంప్యూటరూ మూడు రోజుల పరీక్ష గట్టెక్కకుండా కొట్టు గడప దాటదు. పరీక్ష అంటే యంత్రాన్ని ఊరికే ఆన్ చేసి ఉంచడం కాదు. ఊపిరి సలపనంత పని ఒకటి దానికి అప్పగించి, రాత్రీ పగలూ ఆపకుండా మూడు రోజులు పరిగెత్తిస్తాడు. పోయేదైతే తన కళ్ళముందే పోవాలి, కొనుక్కున్నవాళ్ళ ఇంట్లో కాదు. తొందరపడే వాళ్ళకి ఈ పట్టింపు చిరాకు. టైలరుకి వినోదం.

"ముక్కూ, నేనూ నీలాగే చేద్దామనుకుంటున్నానోయ్. ప్యాంటు కుట్టాక మూడు రోజులు నేనే తొడుక్కు తిరిగి, అప్పుడిస్తా. ఏమంటావ్?" అని అడిగాడు ఒకసారి అడ్డు అవతలి నుంచి.

"నీ నడుము కొలత పట్టే ప్యాంటు ఈ వీధిలో ఇంకెవరికి పనికొస్తుంది?"

"అది సరే. మోకాళ్ళు నావి, మరకలు నావి, పాపం ప్యాంటు మాత్రం వాళ్ళది."

ముక్కు నవ్వాడు. ఈ పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో అతను టైలరుకి ఎప్పుడూ చెప్పలేదు. అది అక్క దగ్గర నుంచి వచ్చింది.

అక్క అతనికన్నా పన్నెండేళ్ళు పెద్ద. అతనికి తొమ్మిదేళ్ళప్పుడు, ఒకే సంవత్సరంలో, తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. ఇరవయ్యొకటో ఏట అక్క తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఓడరేవులో పనికి చేరింది. ముందు ఊడ్చే పని, తర్వాత లెక్కపెట్టే పని, ఇరవయ్యేడో ఏట క్రేను క్యాబిను. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళతో, "పైకొచ్చి అడిగినవాడు ఒక్కడూ లేడు, కింద నుంచి అరిస్తే నాకు వినపడదు" అనేది.

ఓడలోంచి ఇనుప పెట్టెలెత్తి లారీల మీద పెట్టే క్రేను అది. ఒక్కో పెట్టె ఒక గదంత ఉంటుంది. పదమూడు అంతస్తుల ఎత్తులో అద్దాల క్యాబిను. కాళ్ళ కింద కూడా అద్దమే. ఇరవయ్యెనిమిదేళ్ళు కాళ్ళ సందుల్లోంచి కిందికి చూస్తూ పనిచేసిన మనిషికి మెడ ముందుకి వంగిపోయి అలాగే ఉండిపోయింది. కొత్తగా చూసినవాళ్ళు ఆవిడ సిగ్గుపడుతోందనుకుంటారు. అంతకన్నా పెద్ద పొరపాటు ఉండదు. రేవులో ఆవిణ్ణి పైనమ్మ అనేవారు. పైనమ్మ ఎక్కిందంటే కింద లారీవాళ్ళు ధైర్యంగా టీ తాగేవారట.

ఆ ధైర్యం ఊరికే రాలేదు. షిఫ్టు మొదలవగానే ఆవిడ పెట్టె ముట్టుకునేది కాదు. ముందు హారన్, తర్వాత బ్రేకు, తర్వాత దీపాలు. పెట్టెల్ని పట్టి ఎత్తే ఇనుప చట్రాన్ని ఖాళీగా ఒకసారి పూర్తిగా కిందికి, ఒకసారి పూర్తిగా పైకి. అప్పుడే మొదటి పెట్టె. "చూసుకోకుండా మనుషుల మీదుగా ఏదీ ఎత్తకూడదురా" అని తమ్ముడికి అన్నం పెడుతూ చెప్పేది. అతను ఆ మాటని కంప్యూటర్ల దగ్గర వాడుకున్నాడు.

ఇంకో మాట కూడా చెప్పేది. ఎత్తినదాన్ని గాల్లో వదిలి దిగకూడదు. భూకంపం వచ్చినా సరే, దించాకే దిగాలి.

ఆరేళ్ళ కిందట ఆవిడే ఆ మాట తప్పవలసి వచ్చింది. ఊపిరితిత్తులు అప్పటికే పాడవుతున్నాయి. దగ్గు అనుకుంది. ఒక మధ్యాహ్నం పెట్టె గాల్లో ఉండగా ఊపిరాడలేదు. చెయ్యి లివరు మీద నుంచి జారిపోతే క్రేను దానంతటదే ఆగిపోయింది, పెట్టె ఎక్కడిదక్కడే నిలిచిపోయింది. వేరే ఆపరేటరు పైకి వెళ్ళి, ఆవిణ్ణి కుర్చీలోంచి పక్కకి జరిపి, తను కూర్చుని ఆ పెట్టె దించాడు. తర్వాత ఆవిణ్ణి స్ట్రెచరు మీద దించారు. మళ్ళీ ఎక్కింది లేదు.

జబ్బు గురించి అక్క ఎప్పుడూ మాట్లాడదు. మాట్లాడితే ఆ పెట్టె గురించే. "ఎరుపుది. మూడో వరస లారీ మీద పెట్టాల్సింది. వాడు దించాడు, నా చేత్తో దించలేదు" అంటుంది. ఆరేళ్ళుగా అదే మాట, పంటి సందులో ఇరుక్కున్న పీచులాగా.

ఇప్పుడావిడ తమ్ముడి ఇంట్లో వెనక గదిలో ఉంటుంది. మంచం పక్కన ఆక్సిజన్ మిషను రోజంతా గురక పెడుతుంది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. చెయ్యి చాపితే అందుతుంది. క్రితం నెల డాక్టరు పరీక్షలన్నీ చూసి, "వచ్చే చలికాలం సంగతి ఇప్పుడు ఆలోచించకండి" అంది. ఎండలింకా పూర్తిగా తగ్గనే లేదు. ఇంటికొస్తూ ఆటోలో అక్క, "స్వెట్టరు అల్లే పని తప్పింది మీ ఆవిడకి" అంది. అతను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ వారంలోనే ఆటల గది ఓనరు కొట్టుకి వచ్చాడు. భవనం పై అంతస్తులో కంప్యూటర్లు పెట్టి గంటల లెక్కన ఆటలు ఆడించే గది అతనిది. అది మూసేస్తున్నాడు. కంప్యూటర్లన్నీ అమ్మేశాడు. పట్టీ తెగిన హెడ్‌సెట్ ఒకటి మిగిలితే, బాగుపడుతుందేమో చూడమని తెచ్చాడు. ముఖానికి కళ్ళజోడులా బిగించుకుంటే నాలుగు వైపులా వేరే లోకం కనిపిస్తుందే, ఆ యంత్రం. మాటల్లో మాటగా అన్నాడు: "మీ అక్కగారు క్రేను నడిపేవారు కదా. దీంతో ఆడే ఆటల్లో అదీ ఒకటుందండి. ఓడరేవు, సముద్రం, పెట్టెలు, అన్నీ. అచ్చం క్యాబిన్లో కూర్చున్నట్టే ఉంటుంది."

ముక్కు చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. ఆ సాయంత్రమే ఓనర్ని ఇంటికి తీసుకెళ్ళి అక్క ముందు కూర్చోబెట్టాడు.

అంతా విన్నాక అక్క అడిగింది: "అంటే జనం ఎదురు డబ్బిచ్చి మరీ నా పని చేస్తారా?"

"అవునండి."

"జీతం?"

"ఉండదండి."

"యూనియను?"

"అదీ లేదండి."

"అయితే ఇది మా మేనేజరే కనిపెట్టుంటాడు."

నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. తగ్గాక, ముక్కులో గొట్టం సర్దుకుంటూ, మామూలుగా అడిగినట్టు అడిగింది: "అందులో ఎత్తడమేనా, దించడం కూడా ఉంటుందా?"

"దించితేనే మార్కులండి," అన్నాడు ఓనరు.

అక్క కుడిచెయ్యి మంచం పట్టె మీద లివరు పట్టుకున్నట్టు ఒకసారి బిగిసి వదిలింది. తమ్ముడు అది చూశాడు. ఆ ఒక్క పెట్టె ఆవిడ చేత దింపించాలి, చలికాలం లోపల. అంతకుమించి అతనికి ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ఓనరు హెడ్‌సెట్ వదిలేసి, దాన్ని నడిపే కంప్యూటరులో ఏమేం ఉండాలో చీటీ రాసిచ్చి వెళ్ళాడు. ముక్కు ఆ చీటీ కొట్టులో గోడకి అంటించాడు. ప్రాసెసరు ఒక వకీలు ఆఫీసు పాత మిషన్లో దొరికింది. మెమరీ ఒక్కచోట సరిపోక, రెండు మిషన్లలోంచి రెండు కడ్డీలు తీశాడు. పవర్ సప్లై మూతబడ్డ ఫోటో స్టూడియోది. డబ్బా దొరకలేదు, అన్నీ ఒక చెక్క పలక మీద పరిచి స్క్రూలు బిగించాడు. హెడ్‌సెట్ తెగిన పట్టీని టైలరు కుట్టాడు, మెత్తగా ఉండాలని లోపల గుడ్డ కూడా వేసి. చీటీలో ఒక్కొక్క గీతా కొట్టుకుంటూ వస్తే చివరికి ఒక్కటి మిగిలింది. గ్రాఫిక్స్ కార్డు.

అన్నిటికన్నా కష్టమైనది అదే. మామూలు ఆటల్లో కార్డు నీరసంగా ఉంటే ఆట నెమ్మదిస్తుంది, అంతే. హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్ళకి అలా కుదరదు. ఒక్కో కంటికీ సెకనుకి తొంభై బొమ్మలు పడాలి. తగ్గాయంటే తల తిప్పినప్పుడు లోకం వెనకబడుతుంది. కళ్ళొకటి చెప్తాయి, చెవుల్లోని తూకం ఇంకొకటి చెప్తుంది, మనిషికి వాంతులవుతాయి. సగం ఊపిరితో బతుకుతున్న మనిషికి వాంతులంటే మాటలు కాదు. అంత బలమైన కార్డు కొత్తది కొనడం అతని తరం కాదు. పాతవాటి కోసం తెలిసిన కొట్లన్నీ తిరిగాడు. ఉన్నవాళ్ళు ఇవ్వలేదు, ఇస్తామన్నవాళ్ళ దగ్గర ఉన్నవి చాలవు.

చివరికి అది తన బల్ల కిందే దొరికింది. రెండేళ్ళ కిందట ఒకతను తెచ్చి, బాగుపడదంటే పారేయమని వదిలి వెళ్ళిన కార్డు. క్రిప్టో అనే కంప్యూటరు నాణేలు సంపాదించే లెక్కలు కట్టడానికి వందల కార్డుల్ని ఒకే గదిలో పెట్టి, ఊపిరి తీసుకోనివ్వకుండా తిప్పే చోటు నుంచి వచ్చింది. చాకిరీ చేసి చేసి చచ్చిపోయిన కార్డు. కానీ చీటీలో ఉన్న రకం సరిగ్గా అదే.

ఇలాంటి చచ్చిన కార్డుల్ని లేపే విద్య ఒకటి రిపేరు పనివాళ్ళ దగ్గర ఉంది. గర్వంగా చెప్పుకునేది కాదు. కార్డు మీద పెద్ద చిప్పు కింద ఆవగింజలో పదోవంతుండే సీసపు బొట్లు వందలుంటాయి. వేడికి అవి చిట్లితే కార్డు పోతుంది. దాన్ని ఓవెన్లో పెట్టి పది నిమిషాలు కాలిస్తే ఆ చిట్లిన బొట్లు మెత్తబడి మళ్ళీ అతుక్కుంటాయి. కార్డు లేస్తుంది. ఎన్నాళ్ళుంటుందంటే మాత్రం చెప్పలేం. కొన్ని నెలలుంటాయి, కొన్ని గంటలే ఉంటాయి. కాల్చిన కార్డుని ముక్కు ఎవరికీ ఏనాడూ అమ్మలేదు. పొరపాటున కూడా అమ్మకూడదని దాని మూల మీద భార్య గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టేవాడు.

భార్య ఇంట్లోనే కేకులు చేసి రెండు కొట్లకి పంపుతుంది. కార్డు పట్టుకుని వంటింట్లోకి వస్తున్న మొగుణ్ణి చూసి చేతులు కడుక్కుంది.

"మళ్ళీనా అండీ? క్రితంసారి వారం రోజులు నా కేకులు ఇనప సామాను వాసనేశాయి."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"కొట్టావిడ కొత్త ఎసెన్సా అని అడిగింది."

కానీ ఓవెన్ ఆవిడే వేడి చేసింది. రేకు కాగితం ఉండలు నాలుగు చుట్టి, వాటి మీద కార్డుని పీట వేసి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది. పది నిమిషాలు ఇద్దరూ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డారు. చల్లారాక అతను పలక మీద బిగించి స్విచ్చి వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద బొమ్మ పడింది. ఆట తెరిస్తే నీలం సముద్రం, ఇనుప పెట్టెల వరసలు. హెడ్‌సెట్ తనే పెట్టుకుని కిందికి చూసి గోడ పట్టుకున్నాడు. అతనికి ఎత్తులంటే భయం. తొంభైకి ఒక్క బొమ్మ కూడా తగ్గలేదు.

"వదిన్ని ఇప్పుడే కూర్చోబెట్టండి. మెలకువగానే ఉంది," అంది భార్య.

"పరీక్ష అవ్వాలి."

"ఇదేమైనా అమ్మే సరుకా అండీ, పరీక్షలకి?"

"కాదు కాబట్టే. మధ్యలో ఆగిందనుకో. పెట్టె మళ్ళీ గాల్లో ఉండిపోతుంది. మళ్ళీ అక్క చేతిలోనే. అది నేను చూడలేను."

భార్య వెనక గది వైపు చూసింది. అక్క మంచం మీద నుంచే అంతా వింటోంది. "వాడు చెప్పింది నిజమే. చూసుకోకుండా ఎక్కకూడదు. మూడు రోజులేగా, ఎక్కడికీ పోనులే," అంది. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. తను నేర్పిన పాఠం కదా.

కంప్యూటరుని అక్క గదిలోనే గోడవారగా పెట్టి, ఆక్సిజన్ మిషను ఆగిపోకుండా దీనికి వేరే లైను లాగాడు. పరీక్ష మొదలైంది. పెద్ద ఫ్యాను ఒక్క క్షణం మొరాయించకుండా మూడు రోజులు హోరుమంది. గది వేడెక్కింది. అక్క ఫిర్యాదు చేయలేదు. "దాని ఊపిరి నా ఊపిరికన్నా బావుంది" అని రెండుసార్లు అంది. మధ్యాహ్నాలు కళ్ళు మూసుకుని, రెండు చేతులూ గాల్లో కదుపుతూ పాత కదలికలు గుర్తుచేసుకునేది. ఎడమచెయ్యి ముందుకీ వెనక్కీ, కుడిచెయ్యి పైకీ కిందికీ. ఆ మూడు రోజులూ ఆవిడ రెండు పూటలా తిన్నది. అతను కొట్టు మూసి గంటకోసారి వేడి చూసుకున్నాడు, వాసన చూసుకున్నాడు. ఏ తేడా లేదు. మూడో రోజు సాయంత్రం చీటీలో చివరి గీత కొట్టాడు.

నాలుగో రోజు పొద్దున్న పది గంటలకి అక్కని కుర్చీలో కూర్చోబెట్టారు. తల దువ్వి గట్టిగా ముడి వేయించుకుంది. ఆక్సిజన్ గొట్టం హెడ్‌సెట్ కింద నలిగిపోకుండా భార్య దాన్ని బుగ్గలకి టేపుతో అతికించింది. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టింది. తమ్ముడు హెడ్‌సెట్ తొడిగి, రెండు చేతుల్లో రెండు పిడులు పెట్టాడు. ఆవిడ ఏం చూస్తోందో అతనికి తెర మీద కనిపిస్తోంది.

ఆరేళ్ళుగా ఊరికే వంగి ఉన్న అక్క మెడ ఎందుకు వంగిందో ఆ పనికి వంగింది. కాళ్ళ సందుల్లోంచి కిందికి చూసింది.

"మెట్లెక్కకుండానే వచ్చేశామేంట్రా?"

"ఆటలో అంతే అక్కా."

"ఎవడో అద్దం తుడవకుండా దిగిపోయాడు." ఆట తయారుచేసినవాళ్ళు అద్దం మీద మరకలు కూడా గీశారు. "రాత్రి షిఫ్టువాళ్ళు ఎప్పుడూ ఇంతే."

తల తిప్పి సముద్రం చూసింది. చాలాసేపు చూసింది. భార్య వేలి క్లిప్పు చూసి, మొగుడికి రెండు వేళ్ళు చూపించింది. అంకె రెండు పెరిగింది.

తర్వాత అక్క పనిలోకి దిగింది. "హారన్ ఏది?" అతను మీట చెప్పాడు. రెండుసార్లు మోగించింది. బ్రేకు చూసింది. దీపాలు వేసి ఆర్పింది. ఖాళీ చట్రాన్ని పూర్తిగా కిందికి దింపింది, పూర్తిగా పైకి లాగింది. "ఈ తాడు కొంచెం ఎడమకి లాగుతోంది" అని, మళ్ళీ దింపి మళ్ళీ లాగింది. ఒక్క అడుగు కూడా దాటవేయలేదు. తమ్ముడు నవ్వుకుంటూ చూస్తున్నాడు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. ఎనిమిది నిమిషాలు గడిచాయి.

అప్పుడు ఓడ మీద పెట్టె మీదికి చట్రం దింపింది. అక్కడ ఎరుపుది లేదు, నీలానిది తీసుకుంది. నాలుగు మూలలా తాళాలు పడ్డాయి, పచ్చదీపం వెలిగింది. ఎత్తింది. ఊగకుండా, అలిగిన పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తింది. ఒడ్డు మీదికి తెచ్చింది. లారీ మీదికి తెచ్చి కిందికి వదలబోతూ ఆగింది.

"ఒరేయ్, లారీ పక్కన ఎవడో నిలబడ్డాడు. పసుపు టోపీ."

"బొమ్మ అక్కా అది. ఆటలో పెట్టిన బొమ్మ. కదలదు."

"బొమ్మైతే మాత్రం? పెట్టె కింద మనిషిని పెట్టుకుని దించుతారా?" హారన్ మోగించింది. పసుపు టోపీ కదల్లేదు. "చెవుడేమో వెధవకి." మళ్ళీ మోగించింది.

సరిగ్గా అప్పుడు అతని ముక్కుకి తగిలింది. వేడి ఇస్త్రీపెట్టె, నైలాను గుడ్డ.

"అక్కా, దించెయ్."

"ఉండరా, పక్కకి జరగనీ."

"దించెయ్ అక్కా. తొందరగా."

"నువ్వు నాకు చెప్పొచ్చావా? కింద మనిషున్నాడంటుంటే."

తెర మీద సముద్రం చిన్న చిన్న గళ్ళుగా విడిపోయింది. పెట్టె చుట్టూ గులాబీరంగు గీతలు పరిగెత్తాయి. తర్వాత అంతా నలుపు. ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది.

అక్క కదల్లేదు. చేతులు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. "కరెంటు పోయిందా?"

"లేదక్కా."

"మరి చీకటైందేం? పెట్టె ఎక్కడుందో కనపడట్లేదు. కింద ఎవర్నీ కదలొద్దని చెప్పు."

"అయిపోయిందక్కా. కార్డు పోయింది."

ఆవిడకి వినపడింది. అయినా పిడులు వదల్లేదు. అతను హెడ్‌సెట్ తీశాక కూడా, పక్కింటి గోడ కనిపిస్తున్నా, వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పవలసి వచ్చింది. తీస్తుంటే క్లిప్పు మీద అంకె పడిపోతోందని భార్య మెల్లగా చెప్పింది.

ఆ మధ్యాహ్నం కార్డు మళ్ళీ ఓవెన్లోకి వెళ్ళింది. లేవలేదు. మర్నాడు ఇంకోసారి పెట్టాడు. చిప్పు పొంగి ఊడింది. ఓవెన్ ముందు నిలబడి ఉన్న భార్య, కోపంగా కాదు, తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగింది: "ఆ మూడు రోజులూ అది ఎవరికోసం నడిచిందండీ?"

డెబ్బై రెండు గంటలూ కాస్త పైన. ఆ కార్డులో ఉన్న ప్రాణమంతా ఎవరూ చూడని సముద్రం మీద ఖర్చయింది. అక్కకి మిగిల్చింది పన్నెండు నిమిషాలు. మొదటి రోజే కూర్చోబెట్టి ఉంటే ఆవిడ ఆ రేవు మొత్తం ఖాళీ చేసి ఉండేది.

అక్కడితో ఊరుకోలేదు అతను. చిన్న కార్డు ఒకటి బిగించి, హెడ్‌సెట్ లేకుండా తెర మీద ఆడమన్నాడు. అక్క కాసేపు చూసి, "ఇది క్రేనుని చూడటంరా. క్రేనులో ఉండటం కాదు. నా కాళ్ళ కింద ఏమీ లేదు" అని తల తిప్పుకుంది. అదే కార్డుతో హెడ్‌సెట్ తొడిగాడు. నిమిషంలో వాంతి చేసుకుంది. ఆ రోజంతా ఊపిరి అందక కూర్చునే ఉంది. "ఇంక చాలండీ" అంది భార్య. పలకనీ హెడ్‌సెట్‌నీ కొట్టుకి మోసుకెళ్ళాడు. టైలరు లేచి వచ్చి ఒక చివర పట్టుకున్నాడు. ఏమైందో అతనికి ముందే తెలిసింది. ప్యాంటు మాట ఎత్తలేదు. అడ్డు అవతల ఆ రోజంతా కుట్టుమిషను చప్పుడే.

అక్క తిండి తగ్గింది. మాట తగ్గింది. ఎరుపు పెట్టె గురించి మాట్లాడటం మానేసింది. దాని బదులు ఇప్పుడు నీలానిది. మందుల మత్తులో ఉన్నప్పుడు, "వాడు జరిగాడా?" అని అడిగేది. మెలకువగా ఉన్నప్పుడు అడిగింది: "అది ఇప్పుడెక్కడుంటుంది?"

"ఎక్కడా ఉండదక్కా. కంప్యూటరు ఆగితే అవన్నీ లేనట్టే. మళ్ళీ పెడితే మొదట్నుంచి వస్తుంది, కొత్త పెట్టె."

"కొత్తది నేనెత్తింది కాదుగా."

ఎండలు పూర్తిగా తగ్గాయి. భార్య స్వెట్టరు ఒకటి అల్లడం మొదలుపెట్టింది, ఎవరికని అతను అడగలేదు. ఒక సాయంత్రం కొట్టు నుంచి వచ్చేసరికి అక్క కళ్ళు తెరుచుకుని గోడ వైపు చూస్తోంది. అతను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మిషను గురక పెడుతోంది.

"ఏంరా, ఏమైనా దారి దొరికిందా?" అంది.

దారులన్నీ మూసుకుని చాలా రోజులైంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత అక్కకి అబద్ధం చెప్పని మనిషి అతను. ఆ రోజు చెప్పాడు.

"దొరికింది. ఆటల గది ఓనరు తెలిసినవాళ్ళ దగ్గర మంచి మిషను ఉంటే పొద్దున్న వెళ్ళాను. నీ పెట్టె అలాగే ఉంది. దించేశానక్కా."

అక్క మెడ తిప్పడానికి ప్రయత్నించింది. కుదరలేదు. కళ్ళు మాత్రం తమ్ముడి వైపు తిప్పింది. కాస్త వెలుగు వచ్చింది వాటిలో.

"పసుపు టోపీ?"

"పక్కకి జరిగాడు. జరిగాకే దించాను."

"ఊగిందా?"

"లేదు."

ఆవిడ ఊపిరి కూడదీసుకుంది. ఇరవయ్యెనిమిదేళ్ళు షిఫ్టు దిగేటప్పుడు తర్వాతివాణ్ణి అడిగినట్టే అడిగింది.

"ఏ వరసలో పెట్టావ్?"

ఏ వరస లారీ మీద దించాలో ఆ నంబరు పెట్టె మీద రాసి ఉంటుంది. ఎత్తినప్పుడు ఆవిడ అది చదివింది. తెర మీద చూస్తున్న అతను చదవలేదు. మూడని చెప్పబోయి ఆగాడు. రెండని చెప్పబోయి ఆగాడు.

అక్క కొంతసేపు ఎదురుచూసింది. తర్వాత కళ్ళు మళ్ళీ గోడ మీదికి వెళ్ళాయి.

"సర్లే," అంది. "నువ్వు భోంచెయ్యి."

అతను లేవలేదు. దుప్పటి మీద ఆవిడ కుడిచెయ్యి సగం బిగిసి ఉంది, ఏదో పట్టుకుని ఉన్నట్టు, వదిలితే పడిపోతుందన్నట్టు. అతను దాని కింద తన చెయ్యి పెట్టాడు. ఆ వేళ్ళు విప్పడానికి మాత్రం ప్రయత్నించలేదు.